క్లిప్పులు వేయించుకుంటే మాట తేడా వస్తుందా? మైకు పట్టుకునే పని నాది

రాజోలు_గొంతు:

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు పక్కన చిన్న ఊరండి, పగలు రొయ్యల మేత షాపులో లెక్కలు రాస్తా, సాయంత్రం అయితే మైకు పట్టుకుంటా. పెళ్ళి రిసెప్షన్లు, ఓణీల ఫంక్షన్లు, పంచెల ఫంక్షన్లు, మా ఊరి గుళ్ళో స్వామివారి కళ్యాణానికి వ్యాఖ్యానం, ఎవరైనా పెద్దాయన కాలం చేస్తే సంతాప సభ కూడా నేనే. నిజం చెప్పాలంటే సీజన్లో షాపు జీతం కన్నా ఇదే ఎక్కువొస్తుంది.

విషయం ఏంటంటే నాకు పై పళ్ళు ముందుకుంటాయండి, కింద పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, చిన్నప్పట్నించీ అంతే, ఎవరూ పట్టించుకోలేదు, ఇప్పుడు 28 వచ్చాక చిగుళ్ళు వాస్తున్నాయని అమలాపురంలో డాక్టర్ గారికి చూపిస్తే బ్రష్ అందక అలా అవుతోంది క్లిప్పులు వేయించుకో అన్నారు. చోటు కోసం నాలుగు పళ్ళు తీయాలి, మొత్తం ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు పడుతుంది అన్నారు. నొప్పి గురించి నాకు బెంగ లేదు, మాట గురించే. ఆయన్ని అడిగితే కొన్నాళ్ళు ఉంటుంది అలవాటైపోతుంది అని ఒక్క ముక్కలో తేల్చేశారు, బయట జనం చాలామంది కూర్చున్నారు ఇంక నేనూ గుచ్చి గుచ్చి అడగలేకపోయాను.

ఇంతకీ ఏ అక్షరాలు పోతాయి, ఎన్నాళ్ళు పోతాయి? కళ్యాణం వ్యాఖ్యానంలో శ ష స లు, క్ష లు తెగ వస్తాయి కదా, శ్రీ లక్ష్మీనృసింహ స్వామి అన్న చోట నాలుక జారిందంటే ముందు వరసలో కూర్చున్న పంతులు గారు ఊరుకోరు. పళ్ళకి లోపలి వైపు వేసే క్లిప్పులు కూడా ఉన్నాయంట, బయటికి కనపడవంట, స్టేజీ మీద ఉండేవాడికి అవే మంచివని మా ఫ్రెండ్ ఒకటే పోరు, నిజమేనా? ఇప్పుడు ఆషాఢం, ముహూర్తాలు లేవు, ఖాళీ. శ్రావణం వస్తే మళ్ళీ పరుగే. ఇప్పుడే వేయించేసుకోనా, వచ్చే ఏడాది చూసుకోనా? వేయించుకున్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.


భీమవరం_బుల్లోడు:

ఆయ్, నేను వేయించుకున్నానండి, స్టీలువే, 30 దాటాక. మాది చేపల లారీలకి ఐసు బుకింగు, పొద్దున లేచిన కాణ్ణించి ఫోన్లోనే బతుకు. వేయించుకున్న రోజు సాయంత్రం నేను హలో అంటే అవతలోడు ఏంటండీ బజ్జీ తింటా మాట్లాడుతున్నారా అన్నాడు. అదండి పరిస్థితి.

అక్షరాలు పోవడం కన్నా ముందు ఉమ్ము సంగతి చెప్పాలండి. నోట్లో కొత్త వస్తువు పడేసరికి తినేదేదో వచ్చిందనుకుని నోరు ఒకటే ఊరేత్తది, మాట మధ్యలో మింగుకోవాలి, మింగకపోతే స అన్నప్పుడల్లా తుంపర్లే. అది నాకైతే తొందరగానే తగ్గింది. తర్వాతది పెదాలు. పెదం లోపలి వైపు ఆ ముక్కలకి రాసుకుని రాసుకుని పుళ్ళు పడతాయి, పుండు మీద పడకుండా మాట్లాడదామని మూతి ఒక రకంగా పెట్టి మాట్లాడతాం, మాట తేడాగా వచ్చేది సగం అందుకేనండి, క్లిప్పుల వల్ల కాదు. డాక్టరు మైనం ఇత్తారు, అది ఊరికే అంటించేత్తే ఊడొచ్చేత్తది, ముందు ఆ ముక్కని టిష్యూతో పొడిగా తుడిచి అప్పుడు నొక్కాలి. ఉప్పు నీళ్ళు పుక్కిలించండి పొద్దున్నా రాత్రీ. ఆ పుళ్ళు ఓసారి మానాక పెదం గట్టిపడిపోద్ది, మళ్ళీ అంత ఇబ్బంది ఉండదు.

ఇంకోటండి, నెలకో నెలన్నరకో వైరు బిగించినప్పుడల్లా రెండు మూడు రోజులు పళ్ళు సలుపుతాయి. దవడ కదపబుద్ధి కాదు, మాట మింగేసినట్టు వస్తది. కాబట్టి పెళ్ళి ముందు రోజు మాత్రం డాక్టరు దగ్గరికి పోకండి, వారం ముందో, అయిపోయిన మర్నాడో పెట్టుకోండి.

తిండి గురించి మీరడగలేదు గానీ చెప్తా. తేగలు, మామిడి తాండ్ర, కాజా, చెగోడీలు బంద్. పులస దొరికిందంటే ముల్లు వైరుకి పడద్ది జాగ్రత్త. పూతరేకులు మాత్రం ఎన్నైనా లాగించొచ్చు, తిన్నాక బ్రష్ చేసుకుంటే సరి.


పళ్ళ_పీజీ:

నేను ఆర్థోడాంటిక్స్, అంటే పళ్ళ వరస సరిచేసే వైద్యంలో పీజీ చేస్తున్నాను, ఊరు మన గోదావరి పక్కనే. మిమ్మల్ని చూడకుండా ట్రీట్‌మెంట్ గురించి ఏమీ చెప్పను, మాట వరకు చెప్తాను. కొంచెం పెద్దదవుద్ది ఏమనుకోకండి.

నోట్లో ఒక్కో అక్షరం ఎక్కడ పుడుతుందో చూస్తే మీ డౌట్ సగం తీరిపోతుంది. త ద న అని చూడండి, నాలుక కొన పై పళ్ళ వెనక భాగానికి తగులుతుంది. స, ల అనండి, కొంచెం పైకి చిగురు మీదకి వెళ్తుంది. ట డ ణ ళ అంటే నాలుక వెనక్కి మడిచి అంగిలి దగ్గరికి పోతుంది. ఇవన్నీ పళ్ళకి లోపలి వైపు జరిగే పనులు. మీ డాక్టర్ గారు వేసేది పళ్ళ బయటి వైపు. అందుకే మామూలు క్లిప్పులతో మీ నాలుక పనికి పెద్దగా అడ్డం రాదు, మీరు భయపడుతున్న శ ష స లు తక్కువే దెబ్బ తింటాయి. అడ్డం వచ్చేది పెదాల పనికి. ప బ మ లకి రెండు పెదాలూ పూర్తిగా మూసుకోవాలి, ఫోన్, ఫంక్షన్ లో ఫ కి, వ కి కింద పెదం పై పళ్ళని తాకాలి, మధ్యలో బ్రాకెట్లు, అంటే పంటికి అంటించే ఆ ముక్కలు, కూర్చుంటే పెదం ఇంకొంచెం ఎక్కువ సాగాలి. మీకు అసలే పై పళ్ళు ముందుకు ఉన్నాయన్నారు కాబట్టి పెదాలు కలవడానికి ఇప్పటికే కష్టపడుతుండొచ్చు, మొదట్లో ఆ ప బ మ లే బలహీనంగా వస్తాయి. అద్దం ముందు నిలబడి బొబ్బట్లు, పప్పు, మామ, బామ్మ అని పెదాలు గట్టిగా నొక్కి అంటే అక్కడే తెలిసిపోతుంది. సిరామిక్ బ్రాకెట్లు పంటి రంగులో ఉంటాయి గానీ చాలావాటికి స్టీలు కన్నా కాస్త లావు ఉంటుంది, పెదానికి ఆ తేడా తెలుస్తుంది.

ఎన్నాళ్ళు అంటే, బయటి క్లిప్పులకి చాలామందికి ఒకటి రెండు వారాల్లో వినేవాళ్ళకి తేడా తెలియనంతగా సర్దుకుంటుంది. మనకి మాత్రం మన నోరు కాబట్టి ఇంకొన్నాళ్ళు అనిపిస్తూ ఉంటుంది, అది వేరే విషయం.

ఇక లోపలి క్లిప్పులు. వీటిని లింగ్వల్ అంటారు, 1970ల్లో జపాన్‌లో ఫుజితా, అమెరికాలో క్రేవన్ కర్జ్ అనే పళ్ళ డాక్టర్లు విడివిడిగా మొదలుపెట్టారు. ఫుజితా గారి ఆలోచన మార్షల్ ఆర్ట్స్ చేసేవాళ్ళ కోసం, దెబ్బ తగిలితే బయటి బ్రాకెట్లకి పెదం చీరుకుపోతుందని, కర్జ్ గారిది బయటికి కనపడకూడదని. అంటే వీటిని తయారుచేసింది పెదాల కోసం, అందం కోసం. నాలుకకి మాత్రం ఇవే ఎక్కువ ఇబ్బంది. త ద న స ల అన్నీ పుట్టే చోటనే వైరు ఉంటుంది, స లో గాలి సన్నగా పోవాల్సిన దారి మారిపోతుంది, దానికి తోడు నాలుక రాసుకుని పుళ్ళు. తెలుగులో ఇంకో తంటా ఉంది, చాప, చుక్క, జున్ను, జల్లెడ లో పలికే చ జ లు పళ్ళ వెనకే పలుకుతాయి, అవి కూడా మెత్తబడిపోతాయి. కొందరికి వారాలు పడుతుంది, కొందరికి నెల దాటుతుంది. మీ ఫ్రెండ్ కనపడకపోవడం గురించి ఆలోచించాడు, మీ అన్నం వినపడేదాని మీద ఉంది. నేనైతే మీకు బయటివే చెప్తాను.

కానీ డాక్టర్ గారిని ఒకటి తప్పకుండా అడగండి, బైట్ బ్లాక్స్ పెడతారా అని. పై పళ్ళు కింద పళ్ళని బాగా కప్పేస్తున్నవాళ్ళకి, కింద బ్రాకెట్లు కొరికి ఊడగొట్టుకోకుండా దవడ పళ్ళ మీదో, పై ముందు పళ్ళ వెనకో చిన్న దిమ్మలు కడతాం, నీలం రంగువి చూసే ఉంటారు. అవి కట్టాక నోరు మూసినా ముందు పళ్ళు దగ్గరికి రావు, అప్పుడు స లో గాలి ఎక్కువ పోయి ఈల శబ్దం వస్తుంది. క్లిప్పుల వల్ల స పోయింది అని మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి అసలు కారణం ఇదే. పెట్టాల్సిందే అయితే పెట్టాల్సిందే, కానీ మీ కార్యక్రమం తేదీ ముందే చెప్తే దాని తర్వాత పెట్టొచ్చు.

పళ్ళు తీయడం గురించి, మీలాంటి వాళ్ళకి మామూలుగా తీసేది కోరపన్ను పక్క చిన్న దవడ పన్ను, ముందు పన్ను కాదు, కాబట్టి మాటకి పెద్ద దెబ్బ ఉండదు, సందులోంచి కాస్త గాలి పోయినట్టు అనిపించొచ్చు అంతే. తర్వాత దశలో పైనుంచి కిందకి రబ్బర్లు వేస్తారు, అవి నోరు పూర్తిగా తెరవనివ్వవు. కార్యక్రమం ఉన్న రెండు గంటలు తీసి జేబులో వేసుకోవచ్చా అని అడగండి, సాధారణంగా ఒప్పుకుంటారు, అయిపోగానే మళ్ళీ వేసుకోవాలి.


కాకినాడ_కౌంటర్:

పీజీ గారూ లోపలి క్లిప్పుల్ని మరీ అంత కొట్టిపారేయకండి. నేను వేయించుకున్నాను, బ్యాంకు కౌంటర్లో పని, రోజంతా మాట్లాడేదే. మొదట్లో నిజంగానే నరకం, స అన్నది థ లాగా వచ్చేది, సంతకం అనడానికి సిగ్గేసి ఇక్కడ సైన్ చేయండి అనేదాన్ని, అందులోనూ స ఉందని తర్వాత వెలిగింది :) నాలుక పుళ్ళకి పెరుగన్నం తప్ప ఏమీ పోయేది కాదు. కానీ రెండేళ్ళూ నా నోట్లో క్లిప్పులున్నాయని కస్టమర్లలో ఒక్కళ్ళకీ తెలీదు, ఈ వయసులో ఇవేంటమ్మా అన్న మాట పడలేదు. ఆడవాళ్ళకి ఆ మాటలు ఎంతెంత వస్తాయో మీకు తెలీదు. ఖర్చు మాత్రం బాగా ఎక్కువ, అది ఒప్పుకుంటా.

రాజోలు తమ్ముడికి అవి వద్దనే నేనూ అంటాను, మైకులో ఆ స వినలేం.


పళ్ళ_పీజీ:

మీరు చెప్పింది నిజమేనండి, కొట్టిపారేయడం కాదు, పనిని బట్టి చెప్పాను. కౌంటర్లో మనిషి ఎదురుగా ఉంటాడు, మొహం చూస్తాడు, సగం అర్థం మన మొహంలోనే దొరుకుతుంది. మైకులో గొంతు ఒక్కటే పోతుంది.


తణుకు_అమ్మ:

మా పాపకి పై దవడ ఇరుగ్గా ఉందని క్లిప్పులకి ముందు అంగిలికి ఒక మిషను పెట్టారండి, మధ్యలో స్క్రూ ఉంటుంది, రోజూ రాత్రి మేమే తాళం పెట్టి కొంచెం తిప్పాలి. దాంతో పోలిస్తే క్లిప్పులు ఎంతో నయం. అది పెట్టిన కొత్తలో పిల్ల మాట మాకే అర్థం కాలేదు, ట డ లు క గ లు అన్నీ కలిసిపోయి ముద్దగా వచ్చేది, అన్నం కూడా అందులో ఇరుక్కునేది. పైగా తిప్పుతున్న కొద్దీ ముందు పళ్ళ మధ్య సందు వచ్చేసరికి మా అత్తగారు పిల్ల మొహం పాడుచేశారని రెండు రోజులు అన్నం మానేశారు. ఆ సందు వస్తుందని డాక్టర్ గారు ముందే చెప్పారు, తర్వాత దానంతటదే దగ్గరికొచ్చింది.

మాట బాగవడానికి మాకు పనికొచ్చింది ఏంటంటే పైకి చదివించడం. వాళ్ళ తెలుగు టీచర్ గారు రోజూ పేపర్లో ఒక వార్త గట్టిగా చదివించమన్నారు, ఎక్కడ తడబడితే అక్కడ పెన్సిల్ తో గీత పెట్టి అదే మళ్ళీ. లక్ష భక్ష్యాలు భక్షించే లక్షుమయ్యకి ఒక భక్ష్యం లక్ష్యమా అని ఇల్లంతా అదే గోల. క్ష, ష రెండూ దాంతోనే దారిలోకి వచ్చాయి. పిల్లలు సిగ్గుపడి మాట్లాడ్డం తగ్గించేస్తారు చూడండి, అలా తగ్గించిన కొద్దీ ఆలస్యం అవుతుంది.

పీజీ గారూ, పనిలో పని మా తమ్ముడి కొడుక్కి నత్తి ఉంది, మాట మొదట్లో ప ప ప అని ఆగిపోతాడు, పళ్ళు కూడా ఎత్తుగా ఉంటాయి, క్లిప్పులేస్తే పోతుందా?


పళ్ళ_పీజీ:

పోదండి. మొదటి అక్షరం దగ్గర ఆగిపోవడానికి పళ్ళతో సంబంధం లేదు, దానికి స్పీచ్ థెరపిస్ట్ కి చూపించాలి, ఎంత చిన్నప్పుడు తీసుకెళ్తే అంత మంచిది. పళ్ళ వల్ల వచ్చేవి వేరు, నోరు మూసినా ముందు పళ్ళు కలవక సందు ఉండిపోతే ఆ సందులోకి నాలుక వచ్చి స పోతుంది, అలాంటివి సందు మూసుకున్నాక బాగుపడే అవకాశం ఉంది. అక్కడ కూడా నాలుకని ముందుకి తోసే అలవాటు అలాగే ఉంటే పళ్ళు సరిచేసినా మాట పూర్తిగా సరికాదు, పళ్ళు కూడా మళ్ళీ జరుగుతాయి.


తూర్పు_గాలి:

28 ఏళ్ళకి క్లిప్పులేంటి బాసూ, ఆ పళ్ళతోనే ఇంత పేరు తెచ్చుకున్నావ్ కదా, వదిలేయ్. రేపు మాట తేడా వస్తే సంక్రాంతి పందాల బరి దగ్గర అనౌన్స్‌మెంటుకి కూడా పిలవరు.


రాజోలు_గొంతు:

తూర్పుగాలి అన్నా చిగుళ్ళు వాచి రక్తం వస్తుంటే నువ్వొచ్చి పేరు తెస్తావా :) 

అందరికీ చాలా థాంక్సండి, డాక్టర్ దగ్గర కూర్చున్నప్పటికన్నా ఇప్పుడు బాగా అర్థమైంది. లోపలివి వద్దు, ఫిక్స్. ఇంకో రెండు మిగిలాయి. తీసి పెట్టుకునే ప్లాస్టిక్ వి ఉన్నాయి కదా అలైనర్లు, కార్యక్రమం టైముకి తీసేయొచ్చు కదా, అవైతే? రెండోది మైకు విషయం, మొదటి వారాల్లో ఏదైనా ఒప్పుకోవాల్సి వస్తే గొంతు తేడా తెలియకుండా మైకుతో ఏమైనా మేనేజ్ చేయొచ్చా, సౌండు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?


పాలకొల్లు_సౌండ్స్:

ఉన్నానండి, మాది మైకుసెట్టే, మా నాన్నగారి కాలం నుంచి. మీరు మైకు నోటికి ఎదురుగా ఆనించి మాట్లాడే రకం అయితే ముందు అది మానాలి. స, శ అన్నప్పుడు గాలి తిన్నగా మైకులోకి పోతే ఆ ఈల రెండింతలయ్యి వినపడుతుంది, ప బ అన్నప్పుడు బుడుంగు బుడుంగు మని కొడుతుంది. మైకుని గడ్డం పక్కగా కొంచెం ఏటవాలుగా, నాలుగు వేళ్ళ దూరంలో పట్టుకోండి. గొంతు మైకులో పడాలి, గాలి పక్క నుంచి పోవాలి. ఫోము టోపీ ఒకటి తొడగండి, పెద్ద ఖరీదేం కాదు.

మిక్సర్ దగ్గర ఉన్న కుర్రోడికి మీ ఛానల్లో ట్రెబుల్, అంటే సన్నటి శబ్దం, కొంచెం తగ్గించమని చెప్పండి, స అన్నప్పుడు వచ్చే కోత అంతా అక్కడే ఉంటుంది. మరీ తగ్గించేస్తే మాట దుప్పటి కప్పినట్టు అయిపోతుంది, ప బ మ లు అసలే మెత్తగా వస్తున్నాయంటున్నారు కాబట్టి జాగ్రత్త. ఎకో మాత్రం పూర్తిగా తీయించండి. మనోళ్ళకి ఎకో లేకపోతే గుడి మైకు కాదనిపిస్తుంది గానీ తడబడ్డ మాటని ఎకో నాలుగు సార్లు వినిపిస్తుంది.

ఇంకోటి, గంటలు గంటలు మాట్లాడితే నోరు ఎండిపోయి పై పెదం క్లిప్పులకి అతుక్కుపోవడం మా బావమరిదికి చూశాను, నవ్వి ఆపేశాక పెదం కిందకి రాలేదు పాపం, వీడియోలో అలాగే పడింది. పక్కన నీళ్ళ సీసా ఉంచుకోండి, పెదాలకి కాస్త వ్యాజిలిన్ రాసుకోండి.


పళ్ళ_పీజీ:

అలైనర్ల గురించి. తీయగలిగేవే, కానీ రోజుకి 20 నుంచి 22 గంటలు పళ్ళ మీద ఉండాలి, మిగిలిన గంటలు తిండికి, బ్రష్ కే సరిపోతాయి. పెళ్ళిళ్ళ సీజన్లో రోజూ మూడు గంటలు తీసేస్తానంటే పళ్ళు అనుకున్నట్టు జరగవు, తర్వాత మార్చాల్సిన అలైనర్ల సెట్టు పళ్ళకి ఎక్కదు. పెట్టుకున్న కొత్తలో వాటితో కూడా స కొంచెం జారుతుంది, పళ్ళ వెనక కూడా పల్చగా ప్లాస్టిక్ కప్పుతుంది కాబట్టి. అదీగాక నాలుగు పళ్ళు తీసి ఖాళీ మూయాల్సిన కేసు అంటే అలైనర్లతో కష్టమే, కుదురుతుందో లేదో చూసినవాళ్ళే చెప్పాలి.

టైము విషయంలో నా ఓటు ఇప్పుడే. వచ్చే ఏడాదికి వాయిదా వేస్తే చిగుళ్ళు ఆగవు, అప్పుడు ముందు చిగుళ్ళ ట్రీట్‌మెంట్, తర్వాత ఇది. ఇప్పుడు వాపు ఉందన్నారు కాబట్టి క్లీనింగ్ చేయించి చిగుళ్ళు తగ్గాకే బ్రాకెట్లు అంటిస్తారు, ఆ రోజులు కూడా లెక్కలో వేసుకోండి, అందుకే ఆషాఢం చివరిదాకా ఆగొద్దు.


రాజోలు_గొంతు:

ఈరోజు వెళ్ళొచ్చానండి, ఈసారి చీటీ మీద రాసుకుని వెళ్ళాను, బయట జనం ఉన్నా సరే అన్నీ అడిగేశా. బైట్ బ్లాక్స్ పెట్టాల్సి వస్తుందన్నారు, దవడ పళ్ళ మీద. శ్రావణంలో మొదటి పెళ్ళి అయ్యాక పెడతానన్నారు, అప్పటిదాకా కింద వరస బ్రాకెట్లు అంటించకుండా పై వరస ఒక్కటే మొదలుపెడతారంట. క్లీనింగ్ ఈరోజే అయిపోయింది. అలైనర్లు నీ కేసుకి వద్దన్నారు. రబ్బర్లు స్టేజీ టైముకి తీసుకోవచ్చన్నారు, అయితే తీసినవి మళ్ళీ వేయకుండా కొత్తవి వేసుకోమన్నారు.

ఇప్పట్నించే ఫోన్లో రికార్డ్ చేసుకుంటున్నా, ఇప్పటి గొంతుతో ఒకటి ఉంచుకుంటే తర్వాత పోల్చుకోవచ్చని. విని చూస్తే నాకు ఇప్పుడే ప బ లు సరిగ్గా కలవట్లేదండి, పై పళ్ళని కింద పెదంతో నొక్కి పలుకుతున్నా, ఇన్నేళ్ళూ ఎవరూ అనలేదు మరి.


పళ్ళ_పీజీ:

పళ్ళు ముందుకు ఉన్న చాలామంది అలాగే పలుకుతారండి, వినేవాళ్ళకి తేడా తెలీదు. పళ్ళు వెనక్కి వచ్చాక రెండు పెదాలూ తేలిగ్గా కలుస్తాయి, కానీ పాత అలవాటు కొన్నాళ్ళు ఉంటుంది, ఆ రికార్డింగులు అప్పుడు బాగా పనికొస్తాయి.

ఇంకొక్కటి చీటీలో రాసుకోండి. క్లిప్పులు తీశాక పళ్ళు మళ్ళీ జరగకుండా రిటెయినర్ ఇస్తారు. అంగిలి మీద ప్లాస్టిక్ ప్లేటు, ముందు తీగ ఉండేది హాలీ రిటెయినర్ అంటారు, దాంతో స, చ లు మళ్ళీ కొత్తగా జారతాయి, అప్పటికి మీరు మాట బాగైపోయిందని అన్నీ ఒప్పేసుకుని ఉంటారు. పల్చగా పళ్ళ మీద తొడిగేది గానీ, ముందు పళ్ళ వెనక సన్నటి వైరు అంటించేది గానీ మీకు కుదురుతుందా అని అడగండి. కుదరకపోతే క్లిప్పులు తీసే నెల మాఘమాసంలో పడకుండా చూసుకోండి, అంతర్వేది తీర్థం, పెళ్ళిళ్ళు అన్నీ మీకు అప్పుడే కదా.


భీమవరం_బుల్లోడు:

ఆ రిటెయినరు అన్నం తినేటప్పుడు తీసి టిష్యూలో చుట్టి పక్కన పెట్టకండి బాబూ, పెళ్ళి భోజనాల్లో విస్తరితో పాటు ఎత్తేత్తారు. డబ్బా ఇత్తారు, అందులోనే పెట్టండి.